సంప్రదానమునుండి కర్తృత్వమునకు: లింకను చరిత్రమును వెట్టికథలును

విజ్ఞానచంద్రికాగ్రంథమండలి 1906 లో హైదరాబాదున స్థాపితమయ్యెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు, రావిచెట్టు రంగారావు మున్నగువారు దానికి మూలపురుషులు. మండలివారు ప్రకటించిన మొదటి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. అది 1907 లో వెలువడెను. శాస్త్రములను, చరిత్రలను తెలుగువచనమున నందింపబూనిన యొక మండలి తన తొలికానుకగా ఏ చక్రవర్తి చరిత్రమునో, ఏ మహాకవి జీవితమునో యెన్నుకొనక, బీదవాని కొడుకై పుట్టి యమెరికాదేశమున కధ్యక్షుడై, బానిసలకు విముక్తి ప్రకటించిన వాని చరిత్రము నెన్నుకొనుట గమనింపదగిన విషయము. నిజాము ఏలుబడిలోని నగరమున బుట్టిన సంస్థ యీ వస్తువును గైకొనుట మఱింత గమనింపదగినది.

ఈ గ్రంథమునకు సాహిత్యచరిత్రకారు లిచ్చు స్థానము సాధారణముగా ఒక వాక్యముతో ముగియును. మండలి ప్రథమప్రచురణ మనియు, సరళవచనమునకు మేలుబంతి యనియు వ్రాసి ముందునకు సాగుదురు. కాని ఆ యెన్నికలో నొక సాహిత్యసమస్య దాగి యున్నది. ఒక జాతి స్వాతంత్ర్యమును పొందిన కథను చెప్పునప్పుడు ఆ కథకు నాయకు డెవడు? స్వాతంత్ర్యము నొసగినవాడా, పొందినవాడా? ఈ ప్రశ్న 1907 నుండి నలుబదియేండ్లకు పైగా తెలుగువచనమును వెన్నంటి వచ్చినది. దానికి వచ్చిన సమాధానములను వరుసగా పరిశీలించుటయే యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

సమస్యను వ్యాకరణపరిభాషలో చెప్పుట సులభము. "లింకను బానిసలకు స్వాతంత్ర్య మొసగెను" అను వాక్యమున లింకను కర్త, స్వాతంత్ర్యము కర్మ, బానిసలు సంప్రదానము. దానక్రియలో సంప్రదానమునకు పని లేదు. చేయి చాచి యుండుటయే దాని వ్యాపారము. వాక్యము సత్యమే కావచ్చును. కాని నలువదిలక్షల జనముయొక్క చరిత్ర యంతయు ఆ యొక్క కారకమున నిమిడిపోయినచో, చదువరికి కలుగు జ్ఞాన మసంపూర్ణము.

ఆలంకారికుల పరిభాషలో నిదే విషయము మఱింత స్పష్టపడును. వీరరసమును దానవీరము, దయావీరము, యుద్ధవీరము, ధర్మవీరము అని విభజించుట ప్రసిద్ధము. దయావీరమునకు దీనుడు ఆలంబనవిభావము. దయాళువగు నాయకుడు ఆశ్రయము. ఉత్సాహ మను స్థాయిభావము నాయకునియందే యుండును. జీమూతవాహనుని కథలో నాగుని దైన్యము నాయకుని యౌదార్యమును వెలిగించు దీపమేకాని, నాగునియం దుత్సాహమును నెలకొల్పునది గాదు. విమోచకుల జీవితచరిత్రములన్నియు నీ మార్గముననే నడచును. బానిస వానియందు కన్నీరును, సంకెలయు నుండును; సంకల్పము మాత్రము విమోచకునియం దుండును.

ఈ విమర్శ హైదరాబాదున బుట్టినది గాదు. అమెరికాలోనే, లింకను మరణించిన పదునొకండేండ్లకే పుట్టినది. 1876 ఏప్రిలు 14 వ తేది వాషింగ్టను నగరమున విముక్తిస్మారకవిగ్రహము నావిష్కరించిరి. ఆ విగ్రహమునకు ధనమిచ్చినవారు విముక్తులైన బానిసలు. చార్లొటు స్కాటు అను స్త్రీ తాను స్వేచ్ఛగా గడించిన మొదటి యయిదు డాలర్లతో ఆ నిధి ఆరంభమైనది. రూపమును నిర్ణయించినవారు వేఱు. విగ్రహమున లింకను నిలుచుండును. సంకెల తెగిన నల్లవాడు మోకాళ్లపై నుండును. ద్రవ్యదాతలే శిల్పమున దీనులై రూపొందుట యిందలి వింత. దయావీరమునకు ఇంతకంటె స్పష్టమైన చిత్రము దొరకదు.

ఆ దినమున ప్రధానోపన్యాస మిచ్చినవాడు ఫ్రెడరికు డగ్లసు. ఆయన స్వయముగా బానిసగా పుట్టి పారిపోయి వచ్చి, వక్తయు పత్రికాధిపతియు నైనవాడు. అధ్యక్షుడు గ్రాంటు మున్నగు పెద్దలు వినుచుండగా ఆయన చెప్పిన దేమనగా, లింకను ముఖ్యముగా తెల్లవారి యధ్యక్షుడనియు, నల్లవా రాయనకు సవతిబిడ్డలవంటివా రనియు. దాస్యనిర్మూలనమే యేకైకధర్మముగా నెంచినవారికి లింకను మందుడుగను, ఉదాసీనుడుగను కనబడె ననియు, దేశప్రజల మనోభావముతో పోల్చి చూచినచో ఆయనయే వేగిరపాటు గలవాడుగను, దృఢసంకల్పుడుగను తోచు ననియు కూడ ఆ యుపన్యాసమున గలదు. పొగడ్తకు పిలిచిన సభలో గుణదోషవివేచన చేసిన యీ ప్రసంగము జీవితచరిత్రవిమర్శకు ఆదర్శప్రాయము. కృతజ్ఞత యుండవచ్చును, కృతజ్ఞత పేర సత్యమును విడువరాదు.

చరిత్రయు డగ్లసు మాటకే సాక్ష్యమిచ్చుచున్నది. 1863 జనవరి 1 వ తేదినాటి విముక్తిప్రకటనము తిరుగుబాటు చేసిన రాష్ట్రములకే వర్తించినది. సర్కారుపక్షమున నిలిచిన సరిహద్దు రాష్ట్రములలోని బానిసలకు వర్తింపలేదు. పిమ్మట నించుమించు 1,80,000 మంది నల్లవారు సైనికులై యుద్ధము చేసిరి. అంతకుముందే వేలకొలది బానిసలు తోటలను విడిచి సైన్యశిబిరములకు చేరి, తమ విషయమున నిర్ణయము చేయక తప్పని స్థితిని సర్కారునకు కల్పించిరి. ఉత్సాహము ఒక్క లింకనుయందే యుండెననుట కథానిర్మాణసౌలభ్యమునకై చేసిన కల్పన.

హరిసర్వోత్తమరావు గ్రంథమును ఈ దృష్టితో చూచి తక్కువచేయుట న్యాయము గాదు. ఆ కాలమున తెలుగువాడు తన్ను తాను పాలితజాతిగా నెఱుగుచున్నాడు. వానికి గావలసినది బీదయింట బుట్టినవాడు దేశాధిపతి కాగలడను నమ్మకము. వంశము, జాతకము, పూర్వపుణ్యము అను హేతువులను ప్రక్కకు నెట్టి, చదువును శ్రమను హేతువులుగా నిలుపు కథ తెలుగుబడులలో నపూర్వము. ధీరోదాత్తుడు రాజవంశ్యుడై యుండవలెనను సంప్రదాయమునకు, గుడిసెలో బుట్టిన నాయకుని ప్రవేశపెట్టుటయే విప్లవము. ప్రసిద్ధవంశములేని నాయకుని యంగీకరించిన పాఠకుడు, మఱియొక మెట్టు దిగి, కూలివానిని నాయకునిగా నంగీకరించుట కవకాశ మేర్పడినది. కాబట్టి ఈ గ్రంథము సమాధానము గాకున్నను, సమాధానమునకు వాకిలి తెఱచినది.

గ్రంథకర్త జీవితమును గూడ నిచ్చట స్మరింపవలెను. 1907 లోనే వందేమాతరోద్యమమున బాల్గొన్న కారణమున ఆయన రాజమహేంద్రవరమున ఉపాధ్యాయశిక్షణకళాశాలనుండి వెడలింపబడెను. 1908 లో బెజవాడ స్వరాజ్యపత్రికలో వెలువడిన "విపరీతబుద్ధి" యను వ్యాసమునకై కారాగారశిక్ష ననుభవించెను. పరుల విమోచనకథను వ్రాసినవాడు మఱుసటియేట తానే బందీ యయ్యెను. ఉత్సాహమునకు ఆశ్రయము గ్రంథములోని నాయకునినుండి గ్రంథకర్తకు సంక్రమించినది. పాఠకునకు సంక్రమించుట మిగిలినది.

ఆ పాఠకు డెవడు? హైదరాబాదునుండి దక్షిణముగా బెంగుళూరునకు పోవు పెద్దబాటమీద, శంషాబాదునకు చేరువగా సాతంరాయి యను గ్రామము గలదు. అదే బాట ముందునకు సాగి షాదునగరమును చేరును. సాతంరాయివంటి బాటమీది పల్లెను ఒరగల్లుగా బెట్టుకొని ఈ గ్రంథములను గీసి చూచుట యుక్తము. నిజాముకాలమున తెలంగాణమునందలి పల్లెలకు వెట్టి యనునది దినచర్య. సర్కారు ఉద్యోగి పర్యటనమునకు వచ్చినచో సామాను మోయుటకు మనుష్యులు, బండ్లు, కుండలు, కట్టెలు, కోళ్లు, మేకలు, పచారీసరకులు గ్రామమే సమకూర్పవలెను. మాదిగలు చెప్పులును, మోటకు తోలుబొక్కెనలును కుట్టియిచ్చి, కబురులు మోసి, ఆజ్ఞ యైన చోటికి పరుగిడవలెను. చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి మున్నగువారికి గూడ తప్పదు. కోమటులు సరకులను పోసిన ధరకు, ఒక్కొక్కప్పుడు ధర లేకయే, ఈయవలెను. ఊరి దొర పిలుపునకు వేళ యనునది లేదు.

ఇట్టి పల్లెలో నొక పంతులు లింకను చరిత్రమును చదివి వినిపించె నని యూహింపవచ్చును. విన్నవారికి తమ స్థితికి పేరు దొరకును. దాస్యమని చెప్పబడున దిదియే యని తెలియును. కాని తరువాత? లింకనువంటివాడు పుట్టువఱకు వేచియుండుటయే ఆ కథ నేర్పు నీతి యైనచో, బాటమీది బరువు రేపును తలమీదనే యుండును. దయావీరకథకు గల మేర యిదియే. అది వినినవాని యోర్పును పెంచును. కాలును కదల్చుట దాని శక్తికి మించినది.

ఈ మేరను దాటిన వచనము కావ్యముగ గాక, కరపత్రముగ పుట్టినది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో సంస్థానసంఘసంస్కారసభ జరిగెను. కార్వే పండితు డధ్యక్షత వహించెను. అందు అల్లంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడబోగా కొందఱు చప్పట్లతో, అల్లరితో నడ్డగించిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. దాని కార్యదర్శియై పాటుపడిన మాడపాటి హనుమంతరావు ఆ చరిత్రను 1949, 1950 సంవత్సరములలో రెండు భాగములుగా "తెలంగాణా ఆంధ్రోద్యమము" అను గ్రంథమున వ్రాసెను. సంఘమువారు వెట్టిచాకిరిని గూర్చియు, వర్తకస్వాతంత్ర్యమును గూర్చియు, మోతర్ఫా పన్నును గూర్చియు చిన్నపొత్తములు ప్రకటించిరి. వెట్టిని నిషేధించుచు సర్కారువారే వెలువరించి, కచేరీలలో అణగియున్న యుర్దూ యాజ్ఞలను తెలుగున నచ్చువేసి పల్లెల కందించిరి.

సాహిత్యవిమర్శకులు కరపత్రమును గణింపరు. కాని వచనశైలీపరిశీలనమున కిందొక గొప్పపాఠము గలదు. ఈ పొత్తములయందు అలంకారము లేదు, కరుణోద్దీపనము లేదు, వర్ణన లేదు. సర్కారు ఆజ్ఞ యేది, దాని ప్రకారము కూలి యిత్తురా లేదా, ఈయకున్నచో ఎవరికి అర్జీ పెట్టవలెను అను మూడు మాటలు గలవు. చదువరిని దీనునిగా గాక, అర్జీదారునిగా సంబోధించు వచన మిది. సాతంరాయి కూలి యీ పొత్తమును చేతబట్టుకొని గిర్దావరు నెదుట నిలిచినచో, వాక్యమున కర్త వాడే. జనసంఘమువారికి మితవాదులని పేరు. విన్నపములతోనే కాలము గడపిరని తరువాతివారు నిందించిరి. ఆ నింద కొంత న్యాయమే. కాని విన్నపమును వ్రాయువా డెవడు మాఱెనో, ఆ మార్పుయొక్క విలువను నిందించినవారు గుర్తింపలేదు.

అమెరికాలోను నిట్టిదే జరిగినది. 1865, 1868, 1870 సంవత్సరములలో రాజ్యాంగమునకు చేర్చిన సవరణలు కాగితముమీద నుండగనే, 1896 నాటి సర్వోన్నతన్యాయస్థానతీర్పు నల్లవారిని వేఱుబెట్టుటను సమ్మతించినది. దక్షిణరాష్ట్రములలో చదువుపరీక్ష యను నెపముతో వోటు నిరాకరించిరి. 1957 లో సెప్టిమా క్లార్కు మున్నగువారు జాన్సు ద్వీపమున నెలకొల్పిన పౌరపాఠశాలలో వృద్ధులగు కూలీలకు నేర్పినది కావ్యములు గాదు. తమ రాష్ట్రపు శాసనవాక్యములను చదువుటయు, సంతకము చేయుటయు. 1965 నాటి వోటుహక్కుల శాసనమునకు మూలమైన యుద్యమమున కిట్టి పాఠశాలలు పునాదులు. తెలంగాణమున 1901 సెప్టెంబరు 1 వ తేది హైదరాబాదున స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము మొదలుకొని సాగిన గ్రంథాలయోద్యమమును, సభలకు ముందుగా అనుమతి పొందవలెనని విధించిన గస్తీనిషాన్ 53 ను ఎదిరించి సాగిన ఆంధ్రమహాసభలును ఈ కోవకే చెందినవి. ఆ మహాసభలలో నైదవది 1936 లో కొండా వేంకటరంగారెడ్డి యధ్యక్షతను షాదునగరమున, సాతంరాయి బాటమీదనే, జరిగెను.

కల్పితవచనమున ఈ మార్పును తెచ్చినది ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి. 1922 లో వెలువడి మదరాసు ప్రభుత్వముచే నిషేధింపబడిన యీ నవలను గూర్చి వ్రాసినవా రెందఱో గలరు. గాంధీసిద్ధాంతము, రష్యావిప్లవచ్ఛాయ, గుంటూరుసీమ వ్యావహారికము అను మూడు విషయములచుట్టును వారి విమర్శ తిరిగినది. రసాశ్రయదృష్టితో చూచిన వేఱొక విశేషము గోచరించును. రామదాసు కుమారులైన సంగదాసు, వేంకటదాసు అను నన్నదమ్ములకు గ్రంథకర్త రెండు రసములను పంచియిచ్చెను. సంగదాసు శాంతుడు, సేవాపరుడు. చౌదరయ్య దెబ్బకు మరణించి, మరణానంతరము పూజ్యు డగును. వానియందు కరుణము పర్యవసించును. వేంకటదాసు తక్కెళ్ల జగ్గడను పేర ధనికుల ధాన్యమును గొని పేదలకు పంచును. వానియం దుత్సాహము నెలకొన్నది. మాలవాడలో బుట్టినవానియందు వీరరసస్థాయిని నిలిపిన వచనము తెలుగున నంతకుముందు ప్రసిద్ధమై యుండలేదు.

ఐనను ఉన్నవ యీ రెండింటిని ఒక్కనియందు కలుపజాలకపోయెను. శాంతుడు కీర్తిని బొందెను. శూరుడు బందీ యయ్యెను. సంగదాసు పేర వెలసిన పీఠమును నిలుపుటలో చౌదరయ్య కుమారు డగు రామానాయుని స్నేహ మాధారము. నవల కింకొక పేరు "సంగవిజయము". విజయము చచ్చినవానిది, బ్రదికినవానిది గాదు. అమెరికాలో హారియెటు బీచరు స్టోవ్ 1852 లో ప్రకటించిన టాముమామ కథయు నిట్లే సహనశీలుని మరణమున ముగియును. ఆ కథకు ఏడేండ్లు ముందుగా, 1845 లో, డగ్లసు తన జీవితమును తానే వ్రాసికొనెను. అందు మధ్యఘట్టము, బానిసల నణచుటలో పేరొందిన కోవీ యనువానిని ఆయన యెదిరించి పోరాడి నిలిచిన సందర్భము. ఒకటి పరుల కలమునుండి వచ్చిన కరుణము. రెండవది తన కలమునుండి వచ్చిన వీరము. మాలపల్లి వీని రెండింటినడుమ నిలిచిన గ్రంథము. వస్తువునుబట్టి స్టోవ్ వైపును, వేంకటదాసునుబట్టి డగ్లసు వైపును మొగ్గియున్నది.

డగ్లసు చేసిన పనిని తెలంగాణమున చేసిన వారెవరను ప్రశ్నకు సమాధానము 1906 వ సంవత్సరముననే గలదు. విజ్ఞానచంద్రికామండలి పుట్టిన యేట, ఆ నగరముననే, మాదరి భాగ్యరెడ్డివర్మ జగన్మిత్రమండలిని స్థాపించెను. ఒక మండలి పుస్తకములు చదువగలవారికొఱకు అమెరికా విమోచకుని చరిత్రమును సిద్ధపఱచుచుండగా, రెండవ మండలి చదువురానివారికి హరికథలచేతను, ఉపన్యాసములచేతను వారి స్థితినే వారికి చెప్పుచుండెను. సాహిత్యచరిత్రలలో మొదటిది ప్రకరణ మైనది. రెండవది పాదసూచికగ గూడ చాలకాలము చేరలేదు. ఈ లోపము విమర్శకులది.

భాగ్యరెడ్డివర్మ 1917 లో బెజవాడలో జరిగిన సభకు అధ్యక్షుడై, "పంచములు" అను పేరును నిరాకరించి "ఆదిఆంధ్రులు" అను పేరును నిలిపెను. హైదరాబాదు సంస్థానమున 1931 నాటి జనగణనలో "ఆదిహిందువులు" అను పేరు లెక్కలకెక్కినది. అమెరికాలో డ్యుబాయి మున్నగువారి యుద్యమఫలముగా న్యూయార్కు టైమ్సు పత్రిక 1930 లో నల్లవారి జాతినామమును పెద్దయక్షరముతో ముద్రింపనారంభించెను. తెలుగులిపికి పెద్దయక్షరము లేదు. ఇంగ్లీషున లిపిచే సాధించినదానిని ఇచ్చట పదముచే సాధింపవలసివచ్చినది. నామమును మార్చుట వట్టిమాట యని తలంచువారు నామలింగానుశాసనమును చదివిన పండితులలో నుండరాదు.

ఆయన నడపిన భాగ్యనగర్ పత్రికలో 1931 ప్రాంతమున వెలువడిన "వెట్టిమాదిగ" యను కథ యీ చర్చ కంతకును కేంద్రము. దీని విలువ పేరునందే యారంభమగును. కచేరీ కాగితములలో వెట్టిమాదిగ యనునది మనుష్యుని పేరు గాదు, పనిపేరు. ఎవడు చచ్చినను, ఎవడు పుట్టినను ఆ పేరు చెడదు. ఆ పేరునే కథకు శీర్షికగా నుంచుటలో నాయకుడు ప్రఖ్యాతుడై యుండవలెనను లక్షణమునకు నేరుగా నెదురు నిలుచుట గలదు. ప్రఖ్యాతి లేకుండుటయే యిచ్చట నాయకలక్షణ మైనది. వ్రాసినవాడు ఆ బ్రతుకును వెలుపలినుండి చూచిన దయాళువు గాడు. ఆ సమాజముననే బుట్టి, దానికే వక్త యైనవాడు. దయావీరమున ఆలంబనముగా నున్నవాడు ఇచ్చట ఆశ్రయ మయ్యెను.

"వెట్టి" అను మాటయొక్క చరిత్రయు నిచ్చట చెప్పదగినది. సంస్కృతమున విష్టి యనునది దీనికి ప్రకృతి. కౌటిల్యుని యర్థశాస్త్రమున విష్టి గలదు. పారసీకమున దీనికి బేగారు అని పేరు. ఇంగ్లీషున వ్రాయబడిన భారతరాజ్యాంగముయొక్క 23 వ యధికరణమున ఆ బేగారు అను మాటయే యథాతథముగా నిలిచి నిషిద్ధమైనది. దీనిని పోగొట్టు "హక్కు" అను మాటయు అరబ్బీనుండి యుర్దూద్వారా మనకు వచ్చినదే. సత్యమనియు, రావలసిన పాలనియు దాని కర్థములు. స్వాతంత్ర్యము, స్వత్వము అను సంస్కృతశబ్దములు గ్రంథములలో నుండగా, పల్లెలో నిలిచినది హక్కు. బంధమునకు సంస్కృతమూలపదమును, విమోచనమునకు అరబ్బీపదమును వాడు కూలివాని తెలుగు, భాషాశుద్ధిని గూర్చి వాదించు పండితులకు పునర్విచారమును కలిగింపవలెను.

తరువాతి కాలమున వట్టికోట ఆళ్వారుస్వామి ఈ మార్గమును నవలలోనికి దెచ్చెను. 1938 లో దేశోద్ధారకగ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మోసి యూరూర నమ్మి, పలుమాఱులు కారాగారమున నుండినవా డాయన. "ప్రజలమనిషి" యను నవలలో దిమ్మెగూడెమను పల్లెయు, రామభూపాలరావను దొరయు, కంఠీరవమను యువకుడును గలరు. శిల్పదృష్ట్యా దీనియందు లోపములు లేకపోలేదు. ఉద్యమవృత్తాంతము కథను కొన్నిచోట్ల మ్రింగివేసినది. పాత్రలు కొన్ని తమ పక్షమునకు ప్రతినిధులుగానే మిగిలినవి. కాని సమాసమును విప్పిచూడుడు: నాయకుడు ప్రజలకు చెందినవాడు, షష్ఠీవిభక్తి ప్రజలయందున్నది. లింకను చరిత్రమున జనము నాయకునకు శేషభూతము. ఇచ్చట నాయకుడే జనమునకు శేషభూతుడు. ఇంచుమించు నలుబదియైదేండ్ల వచనసాధన ఈ విభక్తిమార్పునకు పట్టినది.

ఇచ్చట పూర్వపక్షము లేకపోలేదు. చరిత్రయు, కరపత్రమును, నవలయు భిన్నప్రయోజనములు గలవి కదా, వానిని రసమను ఒక్కత్రాసున తూచుట తగునా యందురు. తగును, ఏలన, పాఠకుడు చరిత్రనుండియు నవలనుండియు గ్రహించున దొక్కటే, తన పాత్ర యేదియని. రెండవ యాక్షేపము బలీయమైనది. బాధితుడే వ్రాయవలెనన్నచో ఉన్నవవంటివారి సానుభూతికి విలువ లేదా? విలువ గలదు. టాముమామ కథ ఉత్తరరాష్ట్రముల మనస్సును మార్చినది. మాలపల్లి తెలుగు మధ్యతరగతి మనస్సును కదల్చినది. మనస్సు మాఱనిదే చట్టము మాఱదు. కాని చట్టము వచ్చిన పిమ్మట దానిని పల్లెకు దెచ్చువాడు బాధితుడే కావలెను.

అమెరికా రాజ్యాంగపు పదమూడవ సవరణము దాస్యమును మాన్పుచు, నేరమునకు శిక్షగా విధించునది తప్ప యని మినహాయింపు నుంచినది. ఆ మినహాయింపు చాటున దక్షిణరాష్ట్రములలో ఖైదీలను కూలికి బేరమాడు పద్ధతి పెరిగినది. మనదేశమున 1950 లో రాజ్యాంగము బేగారును నిషేధించినను, వెట్టికూలి నిర్మూలనశాసనము 1976 లో మరల చేయవలసివచ్చినది. 1954 లో అమెరికా సర్వోన్నతన్యాయస్థానము పాఠశాలలలో వేర్పాటు చెల్లదని తీర్పు చెప్పినను, మాంటుగొమరీ నగరమున నల్లవారు 1955 డిసెంబరునుండి 381 దినములు బండ్లెక్కక కాలినడకన పనులకు పోయినగాని బండ్లలోని వేర్పాటు తొలగలేదు. తీర్పు వాక్యము, నడక దానికి క్రియ. ఆ నడిచినవారిలో పెక్కురు ఇండ్లలో పాచిపని చేయు స్త్రీలు; వారి పేరులు జీవితచరిత్రలకెక్కలేదు.

కావున తెలుగుబడులలో లింకను చరిత్రమును చెప్పు పంతుళ్లు దానిని విడువనక్కఱలేదు. దాని ప్రక్కనే డగ్లసు ప్రసంగమును, "వెట్టిమాదిగ"ను, జనసంఘపు వెట్టిచాకిరి పొత్తమును ఉంచి చెప్పవలెను. బాస్టను నగరమున నున్న విముక్తిస్మారకవిగ్రహపు ప్రతిని 2020 డిసెంబరులో తొలగించిరి. విగ్రహమును తొలగించుట యొక పద్ధతి. మోకాళ్లపై నున్నవాని కథను ప్రక్కన వ్రాయుట రెండవది. పుస్తకమునకు రెండవదియే తగును.

సాతంరాయి బాట నేడు వెడల్పైనది. 2008 మార్చినుండి శంషాబాదువద్ద విమానములు దిగుచున్నవి. ఆ యాకాశమార్గమున తెలుగువారు లింకను దేశమునకు పోయి చదువులు చదివి, ఉద్యోగములు చేయుచున్నారు. 1965 లో ఆ దేశమువారు జాతినిబట్టి నిర్ణయించు వలసకోటాలను రద్దుచేయుటచేత నది సాధ్యమైనది. ఆ శాసనమును, వోటుహక్కుల శాసనమును ఒకే యేట, ఒకే యుద్యమకాలమున పుట్టినవి. మాంటుగొమరీ నడకకును, సాతంరాయినుండి సాగు ప్రయాణమునకును గల యీ సంబంధమును విద్యార్థులకు తెలియజేయుట ఉపాధ్యాయుల ధర్మము. 1907 లో ఒక యువకుడు లింకను కథను తెలుగున చెప్పి మొదలిడిన వాక్యమున కర్త యెవడో అప్పుడు గాని పూర్తిగా తెలియదు.